రూపాయల్లో చూపించిన బిల్లు మీదే నా అనుమానం

విదేశాల్లో కార్డు గీకితే బ్యాంకులు ఎంత లాగుతాయో చెప్పే మెసేజ్ ఒకటి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఈసారి దానికి ఊపిరి పోసింది మా పిన్ని క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్. పిన్నీ బాబాయీ బ్యాంకాక్ వెళ్ళొచ్చారు. 2024లో వైజాగ్ నుంచి నేరుగా విమానం మొదలయ్యాక మా ఎంవీపీ కాలనీలో బ్యాంకాక్ చూడనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు అనిపిస్తోంది. స్టేట్‌మెంట్ రాగానే బాబాయ్ దాన్ని ఫొటో తీసి, రెండు లైన్ల కింద ఎర్రగీతలు కొట్టి గ్రూపులో పడేశాడు. "ఏటిరా ఇది? వస్తువు కొన్నందుకు డబ్బులు, డబ్బులు కట్టినందుకు డబ్బులు, మళ్ళీ దాని మీద జీఎస్టీయా?" అని నన్ను ట్యాగ్ చేశాడు, ఇంట్లో లెక్కలు చూసే ఉద్యోగం నాదే కాబట్టి.

ఆ ఎర్రగీతల సంగతి ఇదీ. (లెక్క తేలిగ్గా ఉండడానికి థాయ్‌లాండ్ కరెన్సీ బాత్ రేటు రెండు రూపాయల ఎనభై పైసలుగా సరిచేసి రాస్తున్నాను.) షాపింగ్ మాల్‌లో 5,000 బాత్‌లు, అంటే 14,000 రూపాయలు. రెండు రోజుల తర్వాతి తేదీతో మార్కప్ ఫీజు (విదేశీ కరెన్సీ మార్పిడికి మన కార్డు బ్యాంకు వేసేది) 490. దాని కిందే జీఎస్టీ 88 రూపాయల 20 పైసలు. గ్రూపులో అందరూ తలో చెయ్యీ వేసి బ్యాంకుని తిట్టారు. ఒక బావగారైతే కార్డులన్నీ కత్తిరించి పారేయమని సలహా కూడా ఇచ్చారు.

నా కళ్ళు మాత్రం ఆ పైన ఉన్న హోటల్ లైను మీదే ఆగాయి. 23,744 రూపాయలు. దాని పక్కన మార్కప్ లేదు, జీఎస్టీ లేదు, అసలు బాత్ అన్న మాటే లేదు. విజయవాడలో హోటల్‌కి కట్టినంత శుభ్రంగా ఉంది. బాబాయ్ దాన్ని చూపించి "ఇదిగో, వీళ్ళు నయం, ఏమీ వేయలేదు" అన్నాడు కూడా. మొత్తం స్టేట్‌మెంట్‌లో అన్నిటికన్నా ఎక్కువ శాతం పోయింది ఆ లైనులోనే. మనం తిట్టాల్సింది కనబడే ఫీజుని కాదు, ఏ ఫీజూ లేనట్టు కూర్చున్న ఇలాంటి లైనుని అన్నదే నా వాదన.

కనబడే మూడున్నర శాతం

కనబడే ఫీజుని నేను వెనకేసుకొస్తున్నాననుకోకండి. మామూలు కార్డుల మీద మూడున్నర శాతం మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4.13 శాతం. ఇది తక్కువేం కాదు. నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో అకౌంట్లు చూస్తాను. ఓడ యజమానులు పంపిన డాలర్లని రూపాయల్లోకి మార్చే రోజున మా మేనేజర్ బ్యాంకు ట్రెజరీ వాళ్ళతో ఫోన్‌లో రెండు పైసల కోసం, ఐదు పైసల కోసం బేరం ఆడతారు. ఇంకో బ్యాంకు ఎంత ఇస్తానందో చెప్పి బెదిరిస్తారు. అదే మనిషి సాయంత్రం ఇంటికెళ్ళి కూతురి అమెరికా చదువుకి సెవిస్ ఫీజు (స్టూడెంట్ వీసా కోసం కట్టేది) 350 డాలర్లు తన కార్డు మీద కడతారు. డాలరు 90 అనుకుంటే ఒక్కో డాలరుకి మూడు రూపాయల డెబ్బై పైసలు, మొత్తం మీద పదమూడు వందలు అదనంగా పోతాయి. పొద్దున్న రెండు పైసలకి గొంతు చించుకున్న మనిషి ఈ పదమూడు వందలకి కిమ్మనరు. కంపెనీ డబ్బు మీదున్న జాగ్రత్త సొంత డబ్బు మీద లేక కాదు. అక్కడ ఆయన ముందు రెండు రేట్లు ఉంటాయి, పోల్చుకోవచ్చు. ఇక్కడ పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

అయినా ఈ మూడున్నర శాతానికి ఒక మంచి గుణం ఉంది. అది రాసి ఉంటుంది. కార్డు ఇచ్చేటప్పుడు ముఖ్య నిబంధనల పట్టికలో ఉంటుంది, వాడాక స్టేట్‌మెంట్‌లో విడిగా ఒక లైనుగా పడుతుంది. ఆ లైనుని చూసే మా బాబాయ్‌కి కోపం వచ్చింది. అలాంటి కోపాలు పోగయ్యే కదా ఇవాళ రెండు శాతం కార్డులు, అసలు మార్కప్పే లేని కార్డులు మార్కెట్లోకి వచ్చాయి! ఫీజు కనబడితే దాని మీద పోటీ పుడుతుంది. కనబడకపోతే ఎవరికీ తగ్గించాల్సిన అవసరం రాదు.

పిన్ని దాచిన స్లిప్పు

పిన్ని ఏదీ పారేయదు. బోర్డింగ్ పాసులు, మెట్రో టికెట్లు, షాపు రసీదులు అన్నీ ఒక జిప్పు పర్సులో కుక్కి తెచ్చింది. అందులో హోటల్ స్లిప్పు దొరికింది. థర్మల్ కాగితం కాబట్టి అప్పుడే అంచులు వెలిసిపోతున్నాయి. పైన 8,000 బాత్‌లు. దాని కింద రూపాయల్లో 23,744. ఇంకా కింద, కళ్ళజోడు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాల్లో, ఒక బాత్‌కి 2.968 రూపాయలు అని రేటు, ఆ రేటులో మార్జిన్ 6 శాతం కలిసి ఉందన్న మాట. అన్నిటికన్నా కింద అసలు విషయం: నాకు కరెన్సీ ఎంచుకునే అవకాశం ఇచ్చారు, నేను రూపాయలు ఎంచుకున్నాను, ఇక మార్చుకోను అని పిన్ని తరఫున ఒక ప్రకటన.

"నేనెప్పుడు ఎంచుకున్నాను నాన్నా? ఆ పిల్ల మెషీన్ చూపించి, ఇండియన్ రూపీ ఓకే? అంది. మన రూపాయలే కదా అని ఓకే అన్నాను" అంది పిన్ని. ఆ "ఓకే"నే ఎంపిక. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, పొట్టిగా డీసీసీ అంటారు. మార్పిడి చేసేది మీ బ్యాంకూ కాదు, వీసా, మాస్టర్‌కార్డులూ కాదు. షాపు వాళ్ళ బ్యాంకో, దానితో ఒప్పందం ఉన్న ఇంకో కంపెనీయో అక్కడికక్కడే మార్చేసి, మార్జిన్‌లో షాపుకి కొంత వాటా ఇస్తుంది. కార్డు నెట్‌వర్కుల నిబంధనల ప్రకారం కస్టమర్‌ని అడగాలి, అడిగారు. రేటు, మార్జిన్ చూపించాలి, చూపించారు. అంతా చట్టబద్ధమే.

లెక్క చూద్దాం. 8,000 బాత్‌లు నెట్‌వర్క్ రేటులో, అంటే వీసా, మాస్టర్‌కార్డుల రేటులో, 22,400. పిన్ని బాత్‌లు అని చెప్పి ఉంటే దాని మీద బ్యాంకు మార్కప్ 784, జీఎస్టీ 141 కలిసి 23,325 అయ్యేది. కట్టింది 23,744. "నాలుగొందల ఇరవై రూపాయలకి ఇంత గొడవా? దాంతో బీచ్ రోడ్డులో ఇద్దరికి టిఫిన్ కూడా సరిగ్గా రాదు" అన్నాడు బాబాయ్, 88 రూపాయల జీఎస్టీకి ఎర్రగీత కొట్టిన బాబాయే. ఇంకో సంగతి చెప్పాక కాస్త తగ్గాడు. విదేశీ షాపులో రూపాయల్లో తీసుకున్న లావాదేవీల మీద కొన్ని బ్యాంకులు ఇప్పుడు ఒక శాతం, దాని మీద జీఎస్టీ వేస్తున్నాయి. పిన్ని బ్యాంకు వేయలేదు. వేసి ఉంటే ఇంకో 280 కలిసి 24,024 అయ్యేది. రూపాయల్లో కట్టి కూడా మార్పిడి ఫీజు రెండు చోట్ల కట్టడమన్నమాట.

బాబాయ్ వాదనని కొట్టిపారేయలేను

బాబాయ్ చెప్పిన ఇంకో మాట మాత్రం నన్ను కొంతసేపు ఆలోచనలో పడేసింది. "మాకు అక్కడ ఎంత అయిందో అక్కడే తెలియాలిరా. బాత్‌లు అంటే రాత్రంతా ఎంత పడుతుందో అని టెన్షన్. రూపాయల్లో చూస్తే అయిపోయింది, పడుకున్నాం." రిటైరైన మనిషి, పెన్షన్ లెక్కలో బతికే మనిషి, ఆ ఖచ్చితత్వానికి నాలుగొందలు ఇస్తే తప్పేముంది? మనం ట్రావెల్ ఇన్సూరెన్స్‌కి ఇవ్వడం లేదా?

ఆ నిశ్చింతకి విలువ లేదని నేను అనను. కానీ ఆయన కొనుక్కున్నది ఏ ప్రమాదం నుంచి రక్షణ? కార్డు గీకిన రోజుకీ, అది ఖాతాలో పడిన రోజుకీ మధ్య రేటు మారే ప్రమాదం. మామూలు రోజుల్లో అది పైసల్లో ఉంటుంది. దాని కోసం నాలుగొందలు ఇవ్వడం ఎక్కువ. పైగా ఆ నిశ్చింత కూడా పూర్తిది కాదు, బ్యాంకు ఒక శాతం వేసే రకమైతే ఆ లైను తర్వాత వచ్చి పడుతుంది.

ఇంకో అనుమానం నాలోంచే పుట్టింది. ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా "ఎప్పుడూ లోకల్ కరెన్సీయే నొక్కండి" అంటారు. అది మంచి అలవాటే గానీ లెక్క ప్రకారం ప్రతిసారీ నిజం కాదు. మీ కార్డుకి 4.13 శాతం పడేటప్పుడు షాపు మెషీన్ మార్జిన్ మూడు శాతమే ఉంటే, బ్యాంకు ఆ అదనపు ఒక శాతం వేయకపోతే, రూపాయలు నొక్కడమే లాభం. మార్కప్ లేని కార్డుంటే మాత్రం లోకల్ కరెన్సీకి తిరుగులేదు. అంటే సరైన బటన్ ఏదో తెలియాలంటే మూడు అంకెలు కావాలి: నా కార్డు మార్కప్, మెషీన్ మార్జిన్, రూపాయల లావాదేవీ మీద నా బ్యాంకు వేసే ఫీజు. వెనక క్యూ నిలబడి ఉండగా, చేతిలో సంచులతో, ఎవరు ఈ లెక్క వేస్తారు? వేయలేరని తెలిసే కదా ఆ బటన్ అక్కడ పెట్టారు!

వాపసు వచ్చే డబ్బు విషయంలో ఈ లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక అబ్బాయి విదేశీ యూనివర్సిటీకి డిపాజిట్ కట్టి, సీటు వద్దనుకున్నాక వాళ్ళు మొత్తం డాలర్లూ వెనక్కి పంపారు. డాలర్లలో పైసా తగ్గలేదు. రూపాయల్లో మాత్రం తగ్గింది, ఎందుకంటే వెళ్ళిన రోజు రేటు వేరు, వచ్చిన రోజు రేటు వేరు, వెళ్ళేటప్పుడు పట్టుకున్న మార్కప్ తిరిగి రాలేదు. వాళ్ళ నాన్నగారు యూనివర్సిటీ వాళ్ళే మింగేశారని ఇప్పటికీ అంటున్నారు.

కౌంటర్ అవతల మనవాళ్ళే

ఇదంతా చదివి థాయ్‌లాండ్ వాళ్ళు మోసగాళ్ళు అనుకునేవాళ్ళుంటారు. మా ఫ్రెండ్ ఒకడు బీచ్ రోడ్డులో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో చేస్తాడు. వాడికి పిన్ని స్లిప్పు చూపిస్తే నవ్వాడు. "మా దగ్గరా ఇదే మెషీన్" అన్నాడు. 2024 ఫిబ్రవరిలో మిలన్ నౌకా విన్యాసాలకి దేశదేశాల నేవీల వాళ్ళు ఊళ్ళో దిగినప్పుడు, విదేశీ కార్డు పెట్టగానే మెషీన్ దానంతటదే ఆ దేశం కరెన్సీ చూపించేదట. "మీ సొంత కరెన్సీలో కడతారా సార్?" అని అడగమని ట్రైనింగ్‌లోనే చెప్పారట. అడిగే తీరు కూడా నేర్పారు: రూపాయలా అని ముందు అడగకూడదు, ముందు వాళ్ళ కరెన్సీ పేరు చెప్పాలి. ఎక్కువమంది సంతోషంగా సరేనంటారు, పైగా తమ దేశం డబ్బులో చూపించినందుకు థాంక్స్ చెప్తారు.

"మోసం అనిపించదా?" అన్నాను. "అబద్ధం ఏమైనా చెప్పానా? రెండూ స్క్రీన్ మీదే ఉన్నాయి కదా" అన్నాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. వాడు చెప్పింది నిజమే, ఆ స్క్రీన్ మీద అబద్ధం లేదు. రెండు మొత్తాలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి పరాయి కరెన్సీలో, ఒకటి మన కరెన్సీలో. రెండిటినీ పోల్చడానికి కావాల్సిన ఒక్క అంకె మాత్రం పెద్ద అక్షరాల్లో లేదు. ఆ పక్కనే "ఈ రూపాయల మొత్తంలో మా మార్జిన్ 1,344" అని రాసి ఉంటే మా పిన్ని ఓకే అనేదా? పిన్ని దాకా ఎందుకు, మా ఫ్రెండ్ మొహం మీద నవ్వుతో అడగగలిగేవాడా?

శాతాలు చాలవు

యూరోపియన్ యూనియన్‌లో 2020 ఏప్రిల్ నుంచి దీనికి ఒక నిబంధన ఉంది. కరెన్సీ మార్చి కట్టమని అడిగే షాపైనా, ఏటీఎమ్ అయినా యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు తాజా రేటు మీద తాము ఎంత శాతం ఎక్కువ తీసుకుంటున్నదీ ముందే చెప్పాలి. అయితే అది అక్కడి దేశాల కరెన్సీల మధ్య మార్పిళ్ళకే. పారిస్‌లో మన రూపాయి కార్డుకి ఆ రక్షణ రాదు. అయినా దిశ సరైనదే: అందరికీ ఒకటే కొలబద్ద, దాని మీద ఎంత ఎక్కువో ముందే తెలియడం.

మనకి డాలరు, యూరో, పౌండు, యెన్‌లకి 2018 నుంచి ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా) అనే సంస్థ రోజూ రిఫరెన్స్ రేటు ఇస్తోంది. బాత్ లాంటి వాటికి వీసా, మాస్టర్‌కార్డులు తమ వెబ్‌సైట్లలో రోజువారీ రేటు పెడుతున్నాయి. కొలబద్దలు లేక కాదు. బ్యాంకాక్‌లోని మెషీన్‌ని మనం మార్చలేకపోవచ్చు. కానీ మన బ్యాంకు పంపే ఎస్ఎంఎస్ మన చేతిలో ఉంది. విదేశీ షాపులో రూపాయల్లో లావాదేవీ జరిగిందని బ్యాంకుకి తెలుసు, తెలియకపోతే ఆ ఒక శాతం ఎలా వేస్తోంది? వేయడానికి తెలిసినప్పుడు చెప్పడానికి ఏమడ్డు? "ఇది విదేశీ షాపు, మార్పిడి అక్కడే జరిగింది, మేం ఇంకా ఇంత వేస్తాం" అని రూపాయల్లో ఒక్క మెసేజ్. శాతం వద్దు. 6 శాతం అంటే బాబాయ్‌కి చిన్న అంకె, 1,344 అంటే పెద్ద అంకె. ఆ మెసేజ్ రెండుసార్లు వస్తే మూడోసారి ఆయనే "నో రూపీ, బాత్" అంటాడు.

ఏ హెచ్చరికనీ జనం చదవరని నా ఫ్రెండ్ అంటాడు. వాడి ఉద్యోగంలో వాడు చూసింది అదే కావచ్చు. కానీ మా గ్రూపులో 88 రూపాయల లైను చూసి ఇంతమంది లేచారంటే, లైను ఉంటే చదువుతారనే అర్థం.

"జీరో" అన్నవాళ్ళనీ అడగాలి

ఇదే లెక్కన నాకు "జీరో మార్కప్" ప్రకటనలు చూసినా కాస్త అనుమానమే. కార్డుల్లో నిజంగానే మార్కప్ లేనివి ఉన్నాయి, వాటిలో కొన్నిటికి వార్షిక ఫీజు ఉంటుంది, అది పక్కన పెట్టి చూసుకోవాలి. ఫారెక్స్ కార్డు అయితే ముందే లోడ్ చేసేటప్పుడు వాళ్ళు చెప్పిన రేటులోనే వాళ్ళ లాభం కలిసిపోతుంది, మిగిలింది వెనక్కి తీసుకునేటప్పుడు మళ్ళీ ఇంకో రేటు. ద్వారకానగర్‌లోనో ఎయిర్‌పోర్టులోనో నోట్లు మార్చుకున్నా "నో కమిషన్" బోర్డు కింద కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య ఉన్న దూరమే కమిషన్. దాని మీద కనీసం 45 రూపాయల జీఎస్టీ కూడా ఉంటుంది. యూపీఐ ఇప్పుడు సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్ లాంటి చోట్లకి వెళ్ళింది, చాలా సంతోషం, కానీ అక్కడ కూడా ఫోన్‌లో కనబడే రూపాయల మొత్తం ఏ రేటు మీద వచ్చిందో ఒకసారి చూసుకోవాల్సిందే.

మధ్యలో టీసీఎస్ (డబ్బు తీసుకునేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) గొడవ ఒకటి. 2023 మేలో విదేశాల్లో క్రెడిట్ కార్డు ఖర్చుని కూడా ఎల్ఆర్ఎస్ (మనం విదేశాలకి పంపే డబ్బుకి ఆర్బీఐ పెట్టిన పథకం, టీసీఎస్ పడేది దీని కిందే) కిందికి తెస్తామన్నారు, జూన్ చివర్లో ఆపేశారు. ఆ నెలన్నరలో తిరిగిన మెసేజ్‌లు ఇప్పటికీ తిరుగుతున్నాయి, జనం టీసీఎస్‌ని ఫీజు అనుకుంటున్నారు. అది పన్ను లెక్కలో తిరిగి రాబట్టుకోగలిగిన డబ్బు. మార్కప్, మార్జిన్ అలా కాదు, పోతే పోయినట్టే.

పిన్ని స్లిప్పు పట్టుకుని బ్యాంకు కస్టమర్ కేర్‌కి కూడా ఫోన్ చేశాం. అడగకుండా రూపాయల్లో వేస్తే ఫిర్యాదు చేయొచ్చు, వీసా నిబంధనల్లో తప్పు కరెన్సీ అని ఒక వివాద కేటగిరీయే ఉంది. కానీ స్లిప్పులో పిన్ని ఒప్పుకున్నట్టు అచ్చయి ఉంది కాబట్టి లాభం లేదన్నారు. అన్నది సబబే. అడగకుండా వేసినవాళ్ళకి మాత్రం నా సలహా, ఆ థర్మల్ స్లిప్పుని వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి, నాలుగు నెలలకి అది తెల్ల కాగితం అయిపోతుంది.

ఇప్పుడు పిన్ని ఏప్రిల్‌లో సింగపూర్ అంటోంది, హోటల్ ఆన్‌లైన్‌లో బుక్ చేయమని నాకే చెప్పింది. సైటు తెరవగానే, ఎవరూ అడక్కుండానే, ధరలన్నీ రూపాయల్లో ప్రత్యక్షం. మూలన చిన్న మెనూలో సింగపూర్ డాలర్లకి మార్చి, ఆ రోజు నెట్‌వర్క్ రేటుతో గుణించి చూశాను. రూపాయల ధర మూడు శాతం కన్నా కొంచెం ఎక్కువ తేడాతో ఉంది. అంటే పిన్ని కార్డుకి, ఆ కంపెనీ ఇండియాలో రిజిస్టర్ అయి ఉంటే రూపాయలే నయం, బయట ఉంటే ఆ ఒక శాతం విషయం ముందు తేల్చుకోవాలి. ఆ కంపెనీ ఎక్కడుందో పేమెంట్ పేజీలో ఎక్కడా లేదు. నిబంధనల పేజీలో కింది దాకా వెళ్తే దొరికింది: బయటే. బ్యాంకుకి మెయిల్ పెట్టాను, ఈ నెల నుంచి మీరూ ఆ ఒక శాతం వేస్తున్నారా అని. జవాబు వచ్చాకే బుక్ చేస్తానని పిన్నికి చెప్పాను, ఈలోపు గది రేటు పెరిగితే నాదే బాధ్యత అని బాబాయ్ ముందే ప్రకటించాడు.